గేజికి బొట్టు పెట్టిన ఏడాది

టైర్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "సారూ, గాలి చూసే గేజి ఏది కొనాలె?" జవాబుకు రెండు నిమిషాలు చాలు. కానీ నేను రెండు నిమిషాల్లో వదలను. ముందు కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఏడో నంబరు బస్సు సంగతి చెబుతాను. కొందరు మధ్యలో ఫోను చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఆ సంగతి చెప్పకుండా గేజి గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఎందుకంటే ఆ గేజి ఉన్నది నా చేతిలో, తప్పు చేసిందీ నేనే.

ముప్పై ఏళ్లకు పైగా టైర్ల మధ్యే బతికాను. మొదట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక టైర్ల షాపులో, తర్వాత ఎల్బీనగర్ దగ్గర ఒక స్కూలు బస్సుల షెడ్డులో. షెడ్డులో నా హోదా టైర్ ఇన్‌స్పెక్టర్. పేరు ఘనమే కానీ పనల్లా చక్రం పక్కన గొంతుక్కూర్చోవడమే. మోకాళ్లు అరిగిపోయాయి, చేతులకు రబ్బరు వాసన పట్టేసింది. పెళ్లిళ్లకు పోయినప్పుడు మా ఆవిడ "ఆ చేతులు జర జేబుల పెట్టుకోండ్రి" అని గొణిగేది. అయినా వెనక్కి తిరిగి చూసుకుంటే హాయిగానే ఉంది. ఇష్టమైన పనే చేశాను. జీతాల గురించి, ప్రమోషన్ల గురించి ఇందులో రాయను. అవి ఎవరికైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ఉస్తాద్ బొటనవేలు

నాకు పని నేర్పింది దిల్‌సుఖ్‌నగర్ షాపు యజమాని. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. బైకు వచ్చి ఆగగానే వంగి బొటనవేలితో టైరును ఒక్క నొక్కు నొక్కి "ఇరవై ఎనిమిది" అనేవాడు. గేజి పెట్టి చూస్తే ఇరవై తొమ్మిదో, ఇరవై ఏడో ఉండేది. ఒక్క పాయింటుకు మించి తేడా వచ్చేది కాదు. చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో చదివే కుర్రాళ్లు చాయ్ పందెం కాసి మరీ ఓడిపోయేవాళ్లు.

అంతటివాడు కూడా వేలితో నొక్కాక గేజి పెట్టకుండా ఏ బండినీ పంపలేదు. వేలు అంత బాగా చెబుతుంటే గేజి దేనికని ఒకసారి అడిగాను.

"ఏలుకు జరమొస్తది బేటా. గేజికి జరం రాదు" అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. కాస్త ఎక్కువగానే నాటుకుపోయింది. గేజికి కూడా జ్వరం వస్తుందని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, మధ్యలో ఒక మనిషి ఉసురు కూడా పోసుకున్నాను.

ఉస్తాద్ దగ్గర తిన్న మొదటి తిట్టు మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ పెట్రోలు బంకుల్లో రోజూ ఇదే తప్పు జరుగుతోంది. మే నెల మధ్యాహ్నం విజయవాడ రోడ్డు మీదుగా ఒక కారు వచ్చింది. ఉండాల్సింది ముప్పై మూడు, గేజిలో ముప్పై ఎనిమిది చూపించింది. నేను తెలివైనవాణ్ని కదా, వెంటనే వాల్వు నొక్కి ఐదు పాయింట్లు వదిలేశాను. ఆ బుస్సు శబ్దం విని ఉస్తాద్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంజేస్తున్నవ్ రా! బండి ఎండల ఉరికొచ్చింది, టైరు కాలుతున్నది. గాలి పొంగింది గంతే. ఇప్పుడు తీస్తివంటె రేపు పొద్దుగాల మెత్తగైతది."

వదిలిన గాలి మళ్లీ కొట్టించి, మర్నాడు పొద్దున బండి తీయకముందు చూసుకోమని కారాయనకు చెప్పి పంపాడు. ఆయన దగ్గర్లోనే ఉండేవాడు కాబట్టి నన్నే పొద్దున్నే గేజి ఇచ్చి పంపాడు. చల్లటి టైరులో సరిగ్గా ముప్పై మూడు ఉంది. గాలి ఎప్పుడైనా పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎండలో నిలబెట్టిన బండికి ఎండ తగిలే వైపు టైర్లు రెండు పాయింట్లు ఎక్కువే చూపిస్తాయి. ఇది మరిచిపోతే ఎంత మంచి గేజి ఉన్నా దండగే.

సరే, గేజి సంగతి

అడిగారు కాబట్టి చెబుతాను. బజారులో మూడు రకాలు దొరుకుతాయి. పెన్ను లాంటిది ఒకటి, నొక్కగానే గీతల పుల్ల బయటికి వస్తుంది. చౌక, జేబులో పడుంటుంది, కింద పడినా అంత తొందరగా చెడదు. కానీ గీతలు సన్నం, నలభై దాటిన కళ్లకు పరీక్షే. లోపల మురికి చేరితే పుల్ల బిగుసుకుపోతుంది. రెండోది ముల్లు గేజి, గోడ గడియారానికి పిల్లలా ఉంటుంది. నాకు ఇదే ఇష్టం. చుట్టూ రబ్బరు తొడుగు, ఇత్తడి మూతి, మధ్యలో జానెడు గొట్టం, ఎక్కువైన గాలి వదలడానికి చిన్న మీట ఉన్నది చూసి తీసుకోండి. అయితే ఒక్కసారి గట్టిగా నేలకు తగిలిందంటే దాని మాట నమ్మకండి. మూడోది అంకెలు వెలిగే డిజిటల్. మంచివి మంచివే. కాకపోతే సరిగ్గా అవసరమైన పూటే దాని బ్యాటరీ అయిపోతుంది. ముప్పై రెండు పాయింట్ ఏడు అని చుక్క పెట్టి మరీ చెబుతోంది కాబట్టి నిజమే చెబుతోందని మాత్రం అనుకోకండి. తప్పుడు మాటను కూడా చుక్క పెట్టి చెప్పవచ్చు.

మీకు కావలసిన అంకె గేజి పలకలో నడిమధ్యకు రావాలి. కారుకైతే అరవై దాకా ఉన్నది చాలు. రెండు వందల దాకా ఉంది కదా, అన్నిటికీ పనికొస్తుందని కొంటే బియ్యం కాటా మీద బంగారం తూచినట్లే. బస్సులకు, లారీలకు వేరే పెద్ద గేజి కావాలి. వాటికి వెనక చక్రాలు జంటగా ఉంటాయి. లోపలి టైరు వాల్వు చేతికి అందదు, కాబట్టి పొడుగు మెడ, ముందుకొకటి వెనక్కొకటి రెండు మూతులు ఉన్నది తీసుకోవాలి.

కొనేచోట సిగ్గుపడకుండా ఒకే టైరుకు మూడుసార్లు పెట్టి చూడండి. మూడుసార్లూ ఒకే అంకె రావాలి. మూతి పెట్టినప్పుడు గాలి బుస్సుమని పక్కనుంచి కారకూడదు. తీసేశాక ముల్లు సున్నాకు రావాలి. షాపువాడు విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి. ఎంత గాలి కొట్టాలో టైరు మీద ఉన్న అంకె చూసి కొట్టకండి, అది ఆ టైరు తట్టుకోగల హద్దు. మీ బండికి కావలసింది డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. ఇంకోమాట, కారులో ఎండ పడేచోట గేజి పెట్టకండి. ఇంట్లో కళ్లజోడు ఎలా చూసుకుంటారో దాన్నీ అలా చూసుకోండి.

ఇంతే. రెండు నిమిషాలు అన్నాను కదా. ఇక అసలు సంగతికి వస్తాను.

పద్నాలుగు బస్సులు

స్కూలు షెడ్డులో నాకు పద్నాలుగు బస్సులు అప్పగించారు. మన్సూరాబాద్, చంపాపేట్, ఇటు హయత్‌నగర్ దాకా తిరిగేవి. మా బస్సుల టైర్లకు నూరు పాయింట్లు. సోమవారం, గురువారం పొద్దున ఐదున్నరకల్లా నేను చక్రం చక్రానికీ గేజి పెట్టేవాణ్ని. నాది స్టీలుది, పెన్ను రకమే కానీ మూరెడు పొడుగు, రెండు మూతులది. ఉస్తాద్ దగ్గర సెలవు తీసుకున్నప్పుడు ఆయనే ఇచ్చాడు. దాన్ని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

ఏడో నంబరు బస్సు డ్రైవరు యాదయ్య. నల్లగొండ పక్క మనిషి, మా ఊరికి వాళ్ల ఊరు పది మైళ్లు. స్కూలుకు రాకముందు పండ్ల లారీ నడిపేవాడు. లారీవాళ్ల అలవాటు మీకు తెలుసు కదా, చక్రాలు విప్పే ఇనుప కడ్డీ ఉంటుంది, టామీ అంటారు. బండెక్కే ముందు చుట్టూ తిరిగి దానితో ప్రతి టైరునూ ఒక దెబ్బ కొట్టి చప్పుడు వింటారు. ఇప్పటికీ బాటసింగారం పండ్ల మార్కెట్టు ముందు తెల్లవారుజామున నిలబడితే ఆ చప్పుళ్లే వినిపిస్తాయి. యాదయ్య స్కూలు బస్సుకు కూడా రోజూ అదే చేసేవాడు. నేను నవ్వేవాణ్ని.

"గుడి గంట కొట్టినట్లు కొడుతున్నవేంది యాదయ్యా? ప్రసాదం ఎప్పుడు పెడుతవ్?"

"మీరు చూసి తెల్సుకుంటరు సారూ, నేను విని తెల్సుకుంట" అనేవాడు. అతనూ నవ్వేవాడు. అప్పట్లో మా ఇద్దరి మధ్య మాటలు అలా సరదాగానే ఉండేవి.

ఆ ఏడాది దసరాకు షెడ్డులో ఆయుధ పూజ ఎప్పటికంటే ఘనంగా చేశాం. బస్సులు కడిగి బంతిపూల దండలు వేశాం. బల్ల మీద జాకీలు, పానాలు, టామీలు వరుసగా పేర్చాం. అన్నిటికంటే ముందు, మధ్యలో, నా గేజి. దాన్ని నేనే పెట్టాను. పసుపు తడిపి ఒళ్లంతా పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు దాని మీదే చల్లాను. అన్నం పెట్టిన పనిముట్టు కదా, ఎంత చేసినా తక్కువే అనిపించింది. దండం పెట్టుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి కూడా. మర్నాడు బట్టతో పైన తుడిచి మళ్లీ పనిలోకి దిగాను.

బంతిలా ఎగిరే బస్సు

పండుగ సెలవులు అయిన రెండు వారాలకు యాదయ్య నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గాలి జర ఎక్కువైనట్లున్నది. బండి బంతి లెక్క ఎగురుతున్నది."

గేజి పెట్టాను. నూరు. చూపించాను.

"టామీతోని కొడితె చప్పుడు ఏరే ఒస్తున్నది సారూ. టంగుమంటున్నది. ఇంతకుముందు గట్ల లేకుండె."

"యాదయ్యా, గిది గేజి. నీ ఇనుప కట్టె కాదు. నూరంటె నూరే."

అతను తల గోక్కుని పోయాడు. సంక్రాంతి తర్వాత మళ్లీ చెప్పాడు, ఎండాకాలం సెలవుల ముందు మళ్లీ చెప్పాడు. ప్రతిసారీ గేజి నూరే చూపించింది, ప్రతిసారీ నేను అదే జవాబు చెప్పాను. వెనక సీట్లో కూర్చునే పిల్లలు స్పీడ్‌బ్రేకరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లట, ఎగిరెగిరి పడొచ్చని. ఆ ఏడాది మా బస్సులన్నీ డీజిలు తక్కువ తాగాయి. నా పనితనమే అనుకుని లోలోపల మురిసిపోయాను. గట్టి టైరు తేలిగ్గా దొర్లుతుంది, మైలేజీ పెరుగుతుంది అని మొదటి రోజే నేర్చుకునే పాఠం. నాకు తట్టనే లేదు.

స్కూళ్లు తెరిచాక మొదటి పెద్ద వాన కురిసిన రోజు పొద్దున, చంపాపేట్ రోడ్డు మీద ఒక ఆటో అడ్డం వచ్చింది. యాదయ్య బ్రేకు వేశాడు. బస్సు ఆగకుండా జారి, డివైడరు రాయికి తగిలి ఆగింది. లోపల ముప్పై మందికి పైగా పిల్లలు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పిల్ల టిఫిన్ బాక్సు కింద పడి పులిహోర ఒలికింది, అంతే. కానీ ఆ పూట నుంచి తల్లిదండ్రులు స్కూలు గేటు ముందు నిలబడ్డారు. వాళ్ల తప్పేమీ లేదు, నా పిల్లలైతే నేనూ నిలబడేవాణ్ని.

మేనేజ్‌మెంటు నన్ను టైర్లు చూడమంది. చూశాను. ఏడో నంబరు బస్సు టైర్లు నడిమధ్యలో బాగా అరిగాయి, రెండు అంచులూ బాగానే ఉన్నాయి. గాలి ఎక్కువైతేనే అలా అరుగుతుంది, టైరు మధ్యలో ఉబ్బి అక్కడ మాత్రమే రోడ్డును తాకుతుంది. తడి రోడ్డు మీద పట్టు దొరకదు. ఇంతవరకూ సరిగ్గానే ఆలోచించాను. గేజి పెడితే మళ్లీ నూరే చూపించింది. నేను నూరే కొట్టాను, టైరేమో ఎక్కువ గాలితో తిరిగినట్లు అరిగింది. అంటే ఎవరో బయట అదనంగా కొట్టించారు. మా స్కూల్లో ఎక్కువ మైలేజీ తెచ్చిన డ్రైవరుకు ఏటా ఒక గోడ గడియారం బహుమతి ఇచ్చేవాళ్లు. యాదయ్య ఇంట్లో అప్పటికే రెండు గడియారాలు ఉన్నాయి. నాకు అంతా తేటతెల్లమైపోయినట్లు అనిపించింది.

మైలేజీ కోసం డ్రైవరే బయట గాలి ఎక్కువ కొట్టించి, నేను చూసే రోజున తీసేస్తున్నాడని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

యాదయ్య ఒక్కటే మాట అన్నాడు. "నేనే మీకు గాలి ఎక్కువైందని చెప్తి గద సారూ. దొంగతనం జేసేటోడు ఒచ్చి చెప్తడా?"

అయినా నేను రిపోర్టు వెనక్కి తీసుకోలేదు. నా గేజి అబద్ధం చెప్పదు కదా. యాదయ్యను బండి మీంచి దించి గేటు దగ్గర నిలబెట్టారు. విచారణ అయ్యాక తీసేస్తారని అందరూ చెప్పుకున్నారు. పిల్లల బస్సు జార్చిన డ్రైవరని పేరు పడితే ఇంకే స్కూలూ అతన్ని తీసుకోదు. ఏడో నంబరు బస్సు గేటు దాటేటప్పుడు పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపేవాళ్లు. అతను చెయ్యి ఊపి, ముఖం గోడవైపు తిప్పుకునేవాడు.

పద్మావతి గారి ప్రశ్న

అప్పుడు మా ట్రాన్స్‌పోర్టు బాధ్యతలు చూసేది పద్మావతి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డవారు. లెక్కల టీచరుగా చేరి బస్సుల మీదకు వచ్చారు. ఆవిడకు టైర్ల గురించి ఏమీ తెలియదని నాకు చిన్నచూపు ఉండేది, దాన్ని పెద్దగా దాచుకునేవాణ్ని కూడా కాదు. నేను చూసిన పై అధికారుల్లో చాలామందికి పని తెలుసు, ప్రశ్నలు అడగరు. ఆవిడకు పని తెలియదు, ప్రశ్నలు అడిగేవారు. ఇద్దరిలో ఎవరు నయమో ఆ వారంలో తెలిసింది.

నా రిపోర్టు చేతిలో పట్టుకుని షెడ్డుకే వచ్చారు.

"ఏమండీ, మిగతా పదమూడు బస్సుల టైర్లు ఎలా అరిగాయండీ?"

"అవి జారలేదు గద మేడం."

"జారలేదండీ. ఎలా అరిగాయని అడుగుతున్నాను."

ఇద్దరం కలిసి చూశాం. మొదటి బస్సు, మధ్యలో అరుగుదల. రెండో బస్సూ అంతే. మూడోది, నాలుగోది. ఆరో బస్సూ అదే, చివరి బస్సూ అదే. వారానికి రెండుసార్లు ఆ టైర్ల పక్కనే గొంతుక్కూర్చున్నాను. కానీ అంకె చూడగానే లేచి పక్క చక్రానికి పోయాను, టైరు ముఖం చూడలేదు.

"పద్నాలుగు మంది డ్రైవర్లూ కలిసి ఒకే దొంగతనం చేస్తున్నారంటారా?" అన్నారావిడ. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

ఆవిడ నా చేతిలోని గేజి వైపు చూశారు.

"మీరు టైర్లను దీంతో చూస్తారు. మరి దీన్ని దేంతో చూస్తారండీ?"

ఇరవై ఏళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

దగ్గర్లోని టైర్ల షాపు నుంచి ఒక కొత్త ముల్లు గేజి తెప్పించారు. ఒకే టైరుకు నాది పెడితే నూరు, కొత్తది పెడితే నూట పదిహేను. కొత్తది సరిగ్గా లేదన్నాను. సిగ్గులేకుండా అన్నాను. అయితే మూడోది చూద్దామండీ అన్నారు. బస్సును ఆ షాపుకే తీసుకెళ్లి వాళ్ల మిషను మీద చూపించాం. నూట పద్నాలుగు.

షాపులోనే కూర్చుని నా గేజి విప్పాను. గీతల పుల్ల జారే చోట, లోపలి గోడకు పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. వాసన చూశాను. పసుపు.

నేను పూసిన పసుపే. పైన తుడిచాను, లోపలికి దిగింది తుడవలేదు. కొబ్బరినీళ్లతో తడిసి, ఆరి, పుల్లను పట్టేసింది. పుల్ల బయటికి రావలసినంత రాలేదు. నూరు కనబడేదాకా నేను గాలి కొడుతూనే ఉన్నాను. తొమ్మిది నెలలు, పద్నాలుగు బస్సులు, వాటి నిండా పిల్లలు. ఆ రోజు బస్సు డివైడరుకు కాకుండా ఇంకోవైపు జారి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

పద్మావతి గారు "యాదయ్యను రేపే బండి ఎక్కిస్తాను. ఎందుకు ఎక్కిస్తున్నామో డ్రైవర్లకు ఎలా చెబుతారన్నది మీ ఇష్టమండీ" అన్నారు.

చెప్పిన మాట

గేజి పాతదైపోయింది, మార్చేశాం అని ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. ఇంటికి వెళ్లేదాకా అదే చెబుదామనుకున్నాను. కానీ గేటు దగ్గర గోడవైపు తిరిగిన ఆ ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు.

మర్నాడు పొద్దున బస్సులు బయలుదేరకముందు డ్రైవర్లందరినీ పిలిచాను. యాదయ్యను ముందు నిలబెట్టాను. విప్పిన గేజి, కాగితం మీద పసుపు పొడి అందరికీ చూపించాను. నా చేతులతోనే పాడుచేశాను, యాదయ్య మీద రాసింది తప్పు, రిపోర్టు చింపేశాను, నన్ను మన్నించమని అన్నాను.

అందరూ యాదయ్య వైపు చూశారు. అతను పసుపు పొడిని చూశాడు, నన్ను చూశాడు.

"గేజి కరాబైంది సారూ, సరే. మీ చెవులకేమైంది? తొమ్మిది నెలల సంది చెప్తనే ఉన్న."

అని, టామీ తీసుకుని ఏడో నంబరు బస్సు వైపు వెళ్లిపోయాడు. నేను ఉద్యోగంలో తిన్న తిట్లన్నీ ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు. ఆ పొద్దున బస్సు గేటు దాటుతుంటే పిల్లలు లోపలినుంచి అరిచిన అరుపులు రోడ్డు చివరిదాకా వినిపించాయి.

చాలా రోజులు అతను నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అది అతని హక్కు, నేనూ కదిలించలేదు. పని పద్ధతి మాత్రం మార్చుకున్నాను. రెండో గేజి ఒకటి కొని బీరువాలో పెట్టాను, దాన్ని బండ్లకు వాడేవాణ్ని కాదు. నెలకోసారి పని గేజిని దాని పక్కన పెట్టి ఒకే టైరు మీద చూసేవాణ్ని, రెండూ ఒక మాట మీద ఉన్నాయో లేదో. ఇక రోజూ పొద్దున మొదట డ్రైవరును "బండెట్లున్నది?" అని అడిగేవాణ్ని. తర్వాత టైరు ముఖం చూసేవాణ్ని. గేజి తీసేది ఆ తర్వాతే. మీరు నా దగ్గర ఒక్కటే నేర్చుకోవాలంటే ఈ వరస నేర్చుకోండి.

ఒక వానాకాలం పొద్దున యాదయ్య నా చేతికి టామీ ఇచ్చి, "కొట్టుండ్రి సారూ, జెప్త" అన్నాడు. ఆరు చక్రాలూ కొట్టించాడు. చప్పుడు తేడా ఎలా పట్టాలో చెప్పాడు. లోపలి టైరు ఒకటి దబ్బుమంది. గేజి పెడితే ఎనభై రెండు. ఆ రోజు ఇద్దరం కలిసి చాయ్ తాగాం, నాకు పోయిన నిద్ర ఆ రోజు తిరిగొచ్చింది.

నేను రిటైరయ్యాక ఈ మధ్య దసరాకు యాదయ్య ఫోను చేసి పూజకు రమ్మన్నాడు. వెళ్లాను. బస్సులన్నీ కడిగి, దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బల్ల మీద జాకీలు, పానాలు, టామీలు. వాటి మధ్యలో రెండు గేజీలు, రెండూ ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా కట్టి ఉన్నాయి. కుంకుమ బొట్టు కవరు మీద పెట్టారు. చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

యాదయ్య కుంకుమ పళ్లెం పట్టుకుని వచ్చి నా నుదుట బొట్టు పెట్టాడు. మళ్లీ వేలు కుంకుమలో ముంచి, నా కుడి చెవి తమ్మెకు ఇంకో బొట్టు పెట్టాడు. డ్రైవర్లంతా గొల్లుమన్నారు.

"ఇదేంది యాదయ్యా?"

"పనిముట్టు గద సారూ" అన్నాడు. "దీన్ని మాత్రం కవర్ల పెట్టకుండ్రి."